నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి

"ఏమ్మే భానూ, నా గాజు గ్లాసులు మళ్ళీ బడికి మోస్తాండావా?" అంది మా అత్త వెంకటలక్ష్మమ్మ, వంటింటి గడప దగ్గర నిలబడి.

పొయ్యి మీద ఒక పక్క చిత్రాన్నానికి తాలింపు వేగుతోంది, ఇంకో పక్క పాలు పొంగడానికి వస్తున్నాయి. నేను నేల మీద కూర్చుని గ్లాసుల్ని పాత చీర ముక్కల్లో చుట్టి సంచిలో సర్దుతున్నాను.

"సాయంత్రానికి తెచ్చేస్తాలే అత్తా."

"పోయినసారి అట్లే అంటివి. ఒకటి తక్కువొచ్చె. గవర్మెంటోళ్ళు బడికి గ్లాసులు గూడా ఇయ్యరా?"

ఇవ్వరు. ఆళ్లగడ్డ అవతల ఊళ్ళో ఉన్న మా హైస్కూల్లో సైన్సు సామానంతా ఒక ఇనప బీరువాలో ఉంటుంది. రెండు అయస్కాంతాలు, పగిలిన పట్టకం ఒకటి, స్ప్రింగు సాగిపోయిన త్రాసు ఒకటి. అందుకని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నేను చూపించే భౌతికశాస్త్రం మా వంటింట్లోంచే పోతుంది. ప్లాస్టిక్ బాటిల్‌కి పైన, నడుమ, కింద చిల్లులు పెట్టి నీళ్ళు పోస్తే కింది చిల్లులోంచి ధార ఎందుకంత జోరుగా వస్తుందో వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టముక్క మూసి, తలకిందులు చేసి చెయ్యి తీసేస్తే నీళ్ళు పడవు. "మేడం, నేను చేస్తా మేడం" అని మీద పడతారు. మా ఆయన రాజశేఖర్ దీన్ని గారడీ అంటాడు. ఆయన నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఎంట్రన్సు పరీక్షలకు పిల్లల్ని తయారు చేయడంలో పేరున్నవాడు. "నీదేముందిలే, బుడ్డోళ్ళ కాడ గారడీ. నా కాడ ఒక్క మార్కు పోతే తల్లిదండ్రులు మీదికొస్తారు" అంటుంటాడు. ఆ బుడ్డోళ్ళే కదా పెరిగి మీ దగ్గరికి వచ్చేది అన్న మాట నోటిదాకా వస్తుంది. ఈలోగా తాలింపు మాడుతుంటుంది. అటు పోతాను.

ఆ శనివారం సైన్సు దినోత్సవం. మా బడికి ముఖ్య అతిథి మా ఆయనే. ఆ సంగతి నాకు ఇంట్లో తెలియలేదు. బడి వాట్సాప్ గ్రూపులో హెడ్మాస్టరు సుందరరాజు గారు పెట్టిన పోస్టరులో, కోటు వేసుకున్న ఆయన ఫోటో చూసి తెలుసుకున్నాను. అడిగితే, "మీ హెచ్చెమ్ము ఫోన్ చేసె, సరేనంటి. నీకు చెప్పేదేముంది, మీ బడే గదా" అన్నాడు. ఇద్దరం ఒకే చోటికి పోవాలి. కానీ ఆయన కారు పదిన్నరకు బయల్దేరుతుంది, నేను ఏర్పాట్లు చూసుకోవాలి గనక పొద్దున్నే బస్సుకు పోవాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. అత్తకు బీపీ మాత్ర తీసిపెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి, సంచి ఎత్తుకుని బయటపడ్డాను. బస్సులో శిరివెళ్ల దాకా నిలబడే ఉన్నాను, ఎవరి కాలూ తగలకుండా సంచిని నా రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని.

బడిలో పనులు ముందురోజే పంచారు. ముగ్గు, పూలబొకే, అతిథికి టిఫిను, స్వాగత గీతం లేడీ టీచర్లకు. మైకు మగ టీచర్లకు. తెలుగు చెప్పే దెబోరా ముగ్గుకు రంగులు అద్దుతూ, "సైన్సు డే నాడు సైన్సు మేడమ్మేమో సంచులు మోస్తాంది, మేడం మొగుడికేమో శాలువానా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వడమే సులువు.

నిజానికి ఆ రోజు ప్రయోగాలు పిల్లలు చేయాల్సింది. ఏడో తరగతి పిల్లలు గుంపులుగా చేరి ఒక్కో గుంపూ ఒక్కో ప్రయోగం నేర్చుకున్నారు. మధ్యాహ్న భోజనం గంటలో కూడా ఎవరికి వాళ్ళు చేసి చూసుకునేవాళ్ళు. ఆ పొద్దున హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "అంత పెద్ద లెక్చరరు వస్తాంటే పిల్లకాయలు చేస్తే ఏం బాగుంటాది మేడం? సార్ చేసి చూపిస్తాడు. మీరు పక్కనుండి అందించండి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయనకది మర్యాదగా తోచింది. పిల్లలకు నేను చెప్పాను, మనం సోమవారం చేసుకుందామని. వాళ్ళు చేతుల్లో ఉన్న గ్లాసులు తెచ్చి నా బల్ల మీద పెట్టి, పోయి వరసల్లో కూర్చున్నారు.

రాజశేఖర్ వేదిక మీద బాగా మాట్లాడతాడు. అది ఒప్పుకోవాలి. పెద్ద గొంతు, నవ్వించే మాట. చెయ్యి చాపితే అట్టముక్క ఇచ్చాను. చెయ్యి చాపితే బాటిల్ ఇచ్చాను. ఒలికిన నీళ్ళు తుడిచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరిది కొవ్వొత్తి ప్రయోగం. పళ్ళెంలో రంగునీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాడు. మంట చిన్నదై ఆరిపోయింది. పళ్ళెంలో నీళ్ళు గబగబా గ్లాసులోకి ఎక్కాయి. పిల్లలంతా హో అన్నారు.

"ఏం జరిగె? కొవ్వొత్తి మండాలంటే ఆక్సిజన్ కావాల. లోపలుండే ఆక్సిజన్ అంతా అయిపోయె. ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చె. గాలిలో ఆక్సిజన్ ఎంత? ఐదింట ఒక వంతు. నీళ్ళెంత ఎక్కినాయి? ఐదింట ఒక వంతు. అంతే!"

చాలా పుస్తకాల్లో ఇట్లాగే రాసి ఉంటుంది. అది తప్పు. తప్పని నేను పిల్లలకు చెప్పలేదు. వాళ్ళ చేత చేయించి, ఏం జరిగిందో ఒక్కటే కాదు, ఎప్పుడు జరిగిందో కూడా చూడండి అని మాత్రం అన్నాను.

ఏడో తరగతి వరసలోంచి ప్రవళిక లేచింది. సన్నటి పిల్ల, క్లాసులో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుంటుంది. "సార్, కొవ్వొత్తి మండేటప్పుడు నీళ్ళు ఎక్కలేదు సార్. ఆరిపోయినాక ఎక్కినాయి. ఆక్సిజన్ అయిపోతా ఉంటే నీళ్ళు గూడా మెల్లమెల్లగా ఎక్కాల గదా? ఇంకోటి సార్, మొదట గ్లాసు అంచు కింద నుంచి బుడగలొచ్చె. అవి ఏందివి సార్?"

ఆయన నవ్వాడు. "ఏ క్లాసు పాపా నువ్వు?"

"సెవెంత్ సార్."

"సెవెంతా! పెద్ద సైంటిస్టువే. టెన్తుకు రా, అప్పుడు అర్థమైతాది. ముందు పెద్దోళ్ళు చెప్పేది వినడం నేర్చుకో. కూచో."

మగపిల్లలు పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు గారు నవ్వారు. ప్రవళిక కూర్చుంది. ఏడవలేదు. ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.

నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. రాజశేఖరూ నేనూ అనంతపురంలో ఎమ్మెస్సీ ఒకే క్లాసు. ఒకే కులం గనక ఇళ్ళల్లో ఒప్పుకున్నారు. అప్పట్లో ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక అత్త "మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేదాన్ని యాడన్నా చూసినామా?" అంటే మీరు అనడం నేర్చుకున్నాను. కాలేజీలో కొత్తగా చేరినప్పుడు ఆయన పాఠాలు ఇంట్లో రాసుకునేవాడు. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి పోయి, కాగితం చూసి, ఇక్కడ గుర్తు తారుమారైంది, మైనస్ రావాలి అన్నాను. ఆయన కోప్పడలేదు. అన్నం దగ్గర మాత్రం నవ్వుతూ "అమ్మా, నీ కోడలు నాకు పాఠం చెప్తాందిమా" అన్నాడు. అత్త నవ్వింది, అప్పటికి బతికే ఉన్న మామ నవ్వాడు. ఆ తర్వాత నేను ఏం మాట్లాడినా, పప్పులో ఉప్పు తక్కువైందని అన్నా సరే, "టీచరమ్మ వచ్చె" అనేవాళ్ళు. చివరికి ఆయనతో, సారీ, నాదే పొరపాటేమో అన్నాను. పొరపాటు నాది కాదు. మైనసే రావాలి. ఆ తర్వాత ఆయన బల్ల మీద కాఫీ పెట్టేటప్పుడు కాగితం వైపు చూడడం మానుకున్నాను. చూస్తే కనబడుతుంది, కనబడితే చెప్పాలనిపిస్తుంది. అందుకని చూడకపోవడమే మేలనుకున్నాను. నేను చదువుకున్నది చివరికి ఈ బడిలో, ఈ పిల్లల దగ్గర మాత్రమే మిగిలింది. ఇప్పుడు మా భోజనాల దగ్గరి నవ్వు ఇక్కడికీ వచ్చింది, పన్నెండేళ్ళ పిల్ల మీదికి.

"ప్రవళికా, పైకి రా" అన్నాను.

"మేడం, టైమైతాంది" అన్నారు హెడ్మాస్టరు గారు.

"రెండు నిమిషాలే సార్."

ఇంకో పళ్ళెం తీసి, అందులో మూడు కొవ్వొత్తులు దగ్గర దగ్గరగా నిలబెట్టాను. ఇంకో గ్లాసు ఎత్తి పిల్లలకు చూపించాను. "ఇదీ ఆ సైజు గ్లాసే. లోపల గాలి అంతే, ఆక్సిజనూ అంతే. ఇప్పుడు కొవ్వొత్తులు మూడు. మరి నీళ్ళు ఎంత ఎక్కాలి?" వెనక నుంచి ఎవరో "అంతే మేడం" అన్నారు. ప్రవళిక వెలిగించింది. ఒక పుల్ల ఆరిపోతే ఇంకోటి ఇచ్చాను. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి బుడబుడా బుడగలొచ్చాయి. మంటలు ఆరిపోయాయి. నీళ్ళు ఎక్కాయి, ఎక్కాయి, మొదటి గ్లాసుకు దాదాపు రెట్టింపు ఎక్కి ఆగాయి.

"మేడం! వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోయింటాది మేడం! అవే బుడగలు! ఆరిపోయి చల్లబడినాక లోపల గాలి తక్కువైపోయె, బయట గాలేమో నీళ్ళని లోపలికి తోసె!" ప్రవళిక మైకు లేకుండానే అరిచింది. నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు. "మంటకు ఆక్సిజన్ ఖర్చయ్యేది నిజమే. కానీ నీళ్ళు ఎక్కడానికి ముఖ్యమైన కారణం ప్రవళిక చెప్పిందే" అన్నాను.

మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మైకులో "మేడం గారు మనకంటే ముందున్నారు" అన్నాడు. శాలువా కప్పించుకున్నాడు, ఫోటోలు దిగాడు. కారెక్కుతూ నా వైపు చూడకుండా "నీకింకా సర్దేది ఉంటాది గదా" అన్నాడు. నేను సాయంత్రం బస్సుకు వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మొదలుపెట్టాడు. "నలుగుర్లో నా పరువు తీస్తివి."

"పరువు తీయాలని కాదు. ఆ పిల్ల అడిగింది కరెక్టు."

"కరెక్టో కాదో తర్వాత. ఇంటికొచ్చినాక నాకు చెప్పొచ్చు గదా? ఆడ్నే చెప్పాల్నా?"

"ఇంటికొచ్చి నీకు చెప్తే ఆ పిల్లకు తెలిసేదెట్లా?"

నువ్వు అన్నానని అత్త మొహం చూశాక తెలిసింది. "ఏందమ్మే, మొగుణ్ణి నువ్వంటాండావు?" అంది. ఆయన ఆమె వైపు చెయ్యి ఊపి ఆగమన్నాడు. పెద్దమనిషి తరహాలో, నెమ్మదిగా చెప్పాడు. "సుందరరాజు సార్‌కి ఫోన్ చేసినా. రేపు ప్రేయర్లో ఆ పాప సారీ చెప్తాది. నువ్వు గూడా క్లాసులో చెప్పు, సార్ చెప్పింది కరెక్టే, ఇదీ కరెక్టేనని. అంతటితో అయిపోతాది."

"రెండూ కరెక్టు కావు."

"అడ్జస్టు కావడం తెలీదా నీకు?"

ఆ మాటకు నాకు నవ్వు రాబోయింది. కంచాలు తీసుకుని వంటింట్లోకి పోయాను. అడ్జస్టు కావడం నాకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఇంకెవరికి తెలుసు? సారీ చెప్పమని నన్నొక్కదాన్నే అడిగి ఉంటే ఏమనేదాన్నో చెప్పలేను. బహుశా, సరేలే అనేదాన్ని. కానీ ఆయన సారీ చెప్పమంటున్నది నన్ను కాదు, ఆ పిల్లని.

సోమవారం నేను పోయేసరికి హెడ్మాస్టరు గారి గది ముందు ప్రవళిక, వాళ్ళమ్మ కల్పన నిలబడి ఉన్నారు. శనగ కోతకు పోవాల్సిన మనిషి పని మానుకుని వచ్చింది. కూతురి జబ్బ గట్టిగా పట్టుకుని ఉంది.

"బడి నుంచి ఫోనొచ్చె. నా కూతురు పెద్ద సార్‌కి ఎదురు చెప్పిందంట గదా సార్. తప్పైంది. ఏమన్నా అనండి" అంది లోపలికి వచ్చి.

"ఏం లేదమ్మా. ప్రేయర్లో రెండు మాటలు సారీ అంటే చాలు. ఆ సార్ మళ్ళీ రావాల గదా మన బడికి. కాలేజీవాళ్ళతో మాట్లాడి ల్యాబు సామాను ఇప్పిస్తానన్నాడు" అన్నారు హెడ్మాస్టరు గారు.

"చెప్తాది సార్. ఏంటికి చెప్పదు."

"కల్పనా, పాప ఏ తప్పూ చేయలేదు. చూసింది చూసినట్టు చెప్పింది" అన్నాను.

"అయితే ఏం మేడం? మాటే గదా. సారీ అంటే పోతాది. మా అట్లాంటోళ్ళకు అది కొత్తా? తప్పు చేసినా అంటాం, చేయకపోయినా అంటాం." ఆమె బాధగా అనలేదు. చేనికి ఏ దారిన పోవాలో చెప్తున్నట్టు చెప్పింది.

మాటే గదా అని నేనూ అనుకున్నాను, ఆ రోజు రాజశేఖర్‌కి సారీ చెప్పేటప్పుడు. అంటే పోతుందనుకున్నాను. ఏదీ పోలేదు. ఆ కాగితం దగ్గర్నుంచి నేనే పోయాను. ప్రవళిక తల దించుకుని తన కాళ్ళ వైపు చూస్తోంది. ఒప్పేసుకుంది. వాళ్ళమ్మ చెప్పింది, హెడ్మాస్టరు చెప్పాడు, ఇక చెప్పేస్తుంది. రేపట్నుంచి గ్లాసు ముందు కూర్చున్నా అంచు దగ్గర బుడగల వైపు చూడదు.

"సార్, ప్రవళిక సారీ చెప్పదు" అన్నాను.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీశారు. "భానుప్రియ మేడం, మీ ఇంటి సంగతి బడికి తెస్తాండారు."

"తెచ్చింది నేను కాదు సార్. నిన్న మీకు ఫోన్ చేసింది నేను కాదు. ప్రశ్న అడిగినందుకు ఈ పిల్ల అందరి ముందూ సారీ చెప్తే, రేపట్నుంచి ఏ పిల్లా నోరు తెరవదు. అప్పుడు ల్యాబు సామాను తెచ్చుకుని మనమేం చేసుకోవాలి?"

"మరి సార్ అడిగితే ఏం చెప్పాల?"

"నేను ఒప్పుకోలేదని చెప్పండి. నా పేరే చెప్పండి."

బయట ప్రార్థన గంట మోగింది. ఆయన కాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు. "మీ ఇద్దరి నడుమ నాకేంటికిలే. మీ ఇష్టం" అని లేచి బయటికి పోయారు. ప్రార్థన జరిగింది, ప్రతిజ్ఞ చెప్పారు, వార్తలు చదివారు. ఎవరి చేతా ఎవరూ సారీ చెప్పించలేదు.

కల్పన అప్పటిదాకా గది గోడ పక్కనే నిలబడి ఉంది. "అయితే నేను చేనికి పోదునా మేడం?" అంది.

"పోమ్మా. పాప బాగా చదువుతాంది."

ఆమె గేటు దాకా పోయి ఆగి, కూతుర్ని పిలిచింది. "నిజంగా ఆరిపోయినాకే ఎక్కినాయా మే?"

"ఆ మా. నువ్వే చూస్తువు, ఇంటికాడ చేస్తా."

మొదటి పీరియడు ఏడో తరగతికే. శనివారం పిల్లలు చేయకుండా మిగిలిపోయిన ప్రయోగాలన్నీ చేశారు. ఒక గుంపు అట్టముక్క సరిగా పట్టుకోక బల్లంతా తడిపారు. శనివారం అందరికంటే గట్టిగా నవ్విన పిల్లవాడు ప్రవళికను పిలిచి, మా గ్లాసులో నీళ్ళు ఎందుకు తక్కువ ఎక్కినాయో చూడు మే అన్నాడు. ఆ పిల్ల వంగి చూసి, కొవ్వొత్తి బాగా మండకముందే బోర్లించేసినావు అని చెప్పింది.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విడుస్తుంటే ఆయన గొంతు వినబడింది. "చెప్పించలేదంట?"

"లేదు."

"అయితే నా మాటకు విలువ లేదు."

"మాట తప్పైంది. దిద్దుకుంటే అయిపోతుంది" అన్నాను.

ఆయన టీవీ సౌండు పెంచాడు. ఇక మాట్లాడడని నాకు తెలుసు. మాట్లాడడం మానేయడం ఆయన పద్ధతి. మామూలుగా అయితే నేను చుట్టూ తిరిగేదాన్ని. కాఫీ తాగుతారా, తల నొప్పిగా ఉందా అని అడిగేదాన్ని. గుత్తొంకాయ చేసేదాన్ని. పక్కన కూర్చుని, ఏం తప్పు చేశానో నాకే తెలియకపోయినా, ఏదో ఒకటి ఒప్పుకునేదాన్ని. అత్త వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "పోయి ఒక మాట అనుమే. వాడు మెత్తబడతాడు" అంది.

"నాకు కోపం లేదత్తా" అన్నాను. నిజంగానే లేదు.

అన్నం, పప్పు, పెరుగు బల్ల మీద పెట్టాను. మర్నాడు ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం ఉంది. బెలుం గుహలకు పోయి వచ్చిన పిల్లలు, లోపల మాట్లాడితే మన గొంతు మనదిగా ఎందుకు వినబడదు మేడం అని అడిగారు. దానికి ముందు వాళ్ళకు ఇంకోటి చూపించాలి. ఒక స్టీలు గరిటె తీసుకుని, నడుమ దారం ముడివేసి, దారం రెండు చివర్లూ వేళ్ళకు చుట్టుకుని, ఆ వేళ్ళు చెవుల్లో పెట్టుకున్నాను. వంగి గరిటెను కుర్చీ అంచుకు తగిలించాను. పెద్ద గంట కొట్టినట్టు చెవుల్లో ఖంగుమంది. బయటికి చిన్న చప్పుడే, దారం వెంట వస్తే ఇంత. దారం పొట్టిది చేసి కొట్టాను, ఊలుదారం కట్టి కొట్టాను, చిన్న చెంచా కట్టి కొట్టాను. ఊలుదారంతో మోత ఎందుకు తగ్గిందా అని ఆలోచిస్తూ మళ్ళీ ముడి వేస్తుంటే, అన్నం తిని లేచిన రాజశేఖర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను తలెత్తి ఒకసారి చూసి, ముడి బిగించుకున్నాను.

ఆయన నాతో మాట్లాడడం లేదన్న సంగతి నాకు గుర్తొచ్చింది మర్నాడు, బస్సు శిరివెళ్ల దాటాక.